యాభై రెండో కిలోమీటరుకు అవతల

గొనారియో లాయ్ ముప్ఫై మూడేళ్ళు ఒకే రోడ్డు మీద పనిచేశాడు. రోడ్డంటే మొత్తం రోడ్డు కాదు, నలభయ్యో కిలోమీటరు రాయి దగ్గర్నుంచి యాభై రెండో రాయి దాకా. మా ద్వీపం నడిమి కొండల్లో ఉన్న మా ఒరెస్కే ఊరి కింద మొదలై, ఓక్ అడవిలోంచి మెలికలు తిరుగుతూ కనుమ దాకా ఎక్కే ఘాట్ రోడ్డు అది. ఆ పన్నెండు కిలోమీటర్లలో నూట నాలుగు మలుపులు, ముప్ఫై ఎనిమిది కల్వర్టులు ఉన్నాయి. కనుమ మీద, యాభై రెండో రాయి దగ్గర, ఆయన రోజూ లారీ వెనక్కి తిప్పేవాడు. అక్కణ్ణుంచి అవతల ఇంకో మేస్త్రి, ఇంకో ముఠా.

నా పేరు బస్తియాను. నేను ఆయన కింద పదకొండేళ్ళు పార పట్టాను. ఇప్పుడు ఆ పన్నెండు కిలోమీటర్లు నా చేతిలో ఉన్నాయి గాని ఊళ్ళో అందరూ ఇప్పటికీ 'గొనారియో రోడ్డు' అనే అంటారు. నాకేం బాధ లేదు, ఆ రోడ్డు ఆయనదే. వాన పడుతుంటే మేమంతా షెడ్డులో కాఫీ తాగుతూ కూర్చునేవాళ్ళం. ఆయన ఒక్కడే గొంగడి కప్పుకుని కల్వర్టు కల్వర్టుకీ వెళ్ళి, వంగి, తూములో నీళ్ళ చప్పుడు వినేవాడు. "మూడోది గొంతు పట్టిందిరా, రండి" అని పిలిచేవాడు. వెళ్ళి చూస్తే ఆకులూ కొమ్మలూ అడ్డంపడి ఉండేవి. ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

వసంతంలోనూ, వేసవి వెళ్ళాకా సైకిళ్ళ మీద విదేశీయులు వచ్చేవాళ్ళు. రెండు పక్కలా సంచులు వేలాడదీసుకుని, ఎర్రగా కమిలిన మొహాలతో, మా షెడ్డు దగ్గర నీళ్ళకు ఆగేవాళ్ళు. గొనారియో బాబాయ్ వాళ్ళకు ముందున్న దారంతా చేతులతో గీసి చూపించేవాడు. ఎక్కడ కంకర లేచిందో, ఎక్కడి ఊట నీళ్ళు తాగొచ్చో, ఏ మలుపులో ఎదురుగాలి కొడుతుందో. కనుమ దాటాక ఎలా ఉంటుందని అడిగితే మాత్రం చేతులు దించేసేవాడు.

"అది నాది కాదు" అనేవాడు.

ఆయన రిటైరయ్యే సంవత్సరం సైకిలు మీద బెల్జియం నుంచి ఒక తెల్లజుట్టు ఆవిడ వచ్చింది. ఆయన వయసే ఉంటుంది. ఈ జవాబు విని నవ్వింది. "నీది కాకపోతే చూడకూడదా?" అంది. ఆ వారంలో ఆయన ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పాడు. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు.

కనుమ అవతలికి ఆయనెప్పుడూ వెళ్ళలేదని కాదు. పెళ్ళిళ్ళకు, చావులకు, తమ్ముడి ఆపరేషన్‌కు కారులో వెళ్ళాడు. కారులో కూర్చున్నవాడికి రోడ్డు కనపడదని ఆయన నమ్మకం.

డిసెంబరులో రిటైరయ్యాడు. మార్చిలో పట్నం వెళ్ళి పాత సైకిలొకటి కొనుక్కొచ్చాడు. నీలం రంగు, ఇనప చట్రం, బరువు బాగానే ఉంది. అరవై రెండేళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా సైకిలు తొక్కనివాడు, ఊరి మధ్య వీధిలో ఊగుతూ దిగేసరికి పెప్పే బారు ముందు కూర్చున్న వాళ్ళకు పండగైపోయింది.

"బాబాయ్, దానికి పొద్దున్నే ఎండుగడ్డి వేశావా?" అని పెప్పే అరిచాడు.

"లేదురా. నీకు మిగలదేమోనని ఆగాను" అన్నాడు గొనారియో, ఆగకుండానే.

వేసవంతా తన పన్నెండు కిలోమీటర్లలోనే ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. మొదట నలభై మూడో రాయి దగ్గరే దిగి తోసుకెళ్ళేవాడు. ఆగస్టు నాటికి కనుమ దాకా దిగకుండా ఎక్కాడు. పైకి చేరాక నేను లారీలో కూర్చుని చూస్తుంటే, యాభై రెండో రాయిని కాలితో తాకి వెనక్కి తిరిగాడు.

"ఇంకో పది అడుగులు వెయ్యొచ్చుగా" అన్నాను.

"పోతే వంద కిలోమీటర్లు పోతాను. పది అడుగులు ఎందుకు?" అన్నాడు.

పర్వతాల చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి, అవతలి వైపు నుంచి ఇంటికి రావాలని ఆయన ఆలోచన. అక్టోబరు మొదటి వారంలో బయలుదేరాడు. ఆయన భార్య తొనీనా పాత పెట్టె తెరిచి, వాళ్ళ నాన్న గుర్రం జీను మీద వేసుకునే ఊలు జోలె తీసింది. రెండు వైపులా రెండు సంచులుండే నేత జోలె. దాన్ని సైకిలు వెనక సీటు మీద వేసి, గట్టి దారంతో కుట్టేసింది. ఒక వైపు ఎండు రొట్టె, గొర్రె పాల జున్ను, సాసేజీలు పెట్టింది. రెండో వైపు బట్టలు.

"మా నాన్న గుర్రం ఎక్కడికి పోయినా తిరిగొచ్చేది" అంది. "నువ్వూ రా."

"వారం."

"వారమంటే వారమే. తర్వాత నేను మా చెల్లెలి దగ్గరకు పోవాలి. నీ కోసం కూర్చోను."

"కూర్చోమని ఎవరన్నారు?"

"నువ్వు అనవు. అందుకే ముందే చెబుతున్నా." ఆవిడ వంగి దారం మళ్ళీ ఒకసారి లాగి చూసింది.

యాభై రెండో రాయి దాటేటప్పుడు ఆయనకు ఏదో జరుగుతుందనిపించిందట. ఏమీ జరగలేదు, తారు కాస్త కొత్తగా ఉందంతే. మూడు కిలోమీటర్లు పోయేలోపే రెండుసార్లు దిగి, రోడ్డు మీద పడ్డ రాళ్ళను కాలితో పక్కకు తోశాడు. ప్రతి కల్వర్టు దగ్గరా ఆగి చూశాడు. సాయంత్రానికి ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లే పోయాడు. "సగం రోజు తొక్కాను, సగం రోజు తనిఖీ చేశాను" అని తర్వాత నాతో అన్నాడు.

రెండో రోజు అలవాటైంది. మూడు వందల మీటర్ల లోతు లోయ పక్కన, గొర్రెల దొడ్ల మధ్య, మనిషి అలికిడి లేని దారిలో నాలుగు గంటలు ఎక్కాడు. కాపలా కుక్కలు మీదకొస్తే దిగి, సైకిలు పక్కన నడుస్తూ వాటితో మామూలుగా మాట్లాడాడు. అవి మనుషుల్ని కాదు, తిరిగే చక్రాల్ని తరుముతాయని తేల్చుకున్నాడు. ఒక కాపరి వేడి వేడి రికోట్టా జున్ను ఆకుదొన్నెలో పెట్టిచ్చి, ఎక్కణ్ణుంచని అడిగాడు. ఒరెస్కే అంటే, "అంత దూరం నుంచా?" అన్నాడు. నేరుగా గీత గీస్తే పాతిక కిలోమీటర్లుండదు. గొనారియోకు ఆ మాట ఎంతో నచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. ఒక గొర్రెల కొట్టంలో తల దాచుకున్నాడు. తెల్లారేదాకా కురుస్తూనే ఉంది.

నాలుగో రోజు పొద్దున వాన వెలిసింది. లోయ అడుగు నుంచి బిడునెలె ఊరికి ఎక్కే రోడ్డు పట్టాడు. ఆ పైనున్న కొండ జూలైలో అంటుకుని నాలుగు రోజులు కాలిందని మేమంతా విన్నదే. చెట్లు నల్లగా, కర్రల్లా నిలబడి ఉన్నాయి. ఒక మలుపులో ఊపిరి తీసుకోడానికి ఆగి తలెత్తితే, పై మలుపు కింద రోడ్డును మోసే పాత రాతిగోడ కనపడింది. గోడ మధ్యలో కల్వర్టు తూము నోరుంది. రాత్రంతా వాన పడితే దాన్లోంచి నీళ్ళు దూకాలి. చుక్క రావడం లేదు. ఆ పక్కనే, రాళ్ళ సందుల్లోంచి మాత్రం బురదనీళ్ళు బుగబుగా కారుతున్నాయి.

ఆయనకు ఇంకేమీ చూడాల్సిన పని లేకపోయింది. కొండవైపు తూము మూసుకుపోయింది, నీళ్ళు రోడ్డు కడుపులోంచి దారి చేసుకుంటున్నాయి. గబగబా ఎక్కాడు. ఆ గోడ మీది రోడ్డుకు ఇవతలే ఆగి, రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి, కాలిన కొమ్మలు నిలబెట్టాడు. పై నుంచి బస్సు పదిన్నరకు దిగుతుందని కింద బస్టాపులో చదివాడు. అందుకని సైకిలు భుజానికెత్తుకుని, కొండవైపు అంచును రాసుకుంటూ అవతలికి నడిచాడు. నడుస్తూ చూస్తే కొండవైపు గుంటలో నిలువెత్తు నల్లనీళ్ళు, బూడిద, తూము నోటికి అడ్డంపడి బిగుసుకున్న మొద్దులు. తారు మీద మూరెడు పగులు, వేలు దూరేంత వెడల్పు. సైకిల్ని రోడ్డు మధ్యలో పడుకోబెట్టి, ముందు నిలబడ్డాడు.

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు ఇన్యాజియా, నలభై ఏళ్ళ మనిషి, అద్దం దించి తల బయట పెట్టింది.

"ఏం పెద్దాయనా, సైకిల్ని పడుకోబెట్టడానికి నా రోడ్డే దొరికిందా?"

"రోడ్డు నీది కాదమ్మా. ఇంకాసేపుంటే ఎవరిదీ కాదు. బస్సు వెనక్కి తియ్యి."

"నువ్వెవరు?"

"గొనారియో లాయ్, ఒరెస్కే. ముప్ఫై మూడేళ్ళు రోడ్డు మేస్త్రిని."

"ఒరెస్కే కొండకవతల కదా. అక్కడి మేస్త్రికి ఇక్కడేం పని?"

"పనేం లేదు. సైకిలు మీద తిరుగుతున్నా."

బస్సులో తొమ్మిదిమంది ఉన్నారు. ఎవరో పకపకా నవ్వారు.

"పొద్దున ఈ రోడ్డు మీదే ఎక్కొచ్చాను" అంది ఇన్యాజియా. "గంటన్నర కూడా కాలేదు."

"అప్పుడు పగులుందా?"

"చూళ్ళేదు."

"దిగు, ఇప్పుడు చూద్దువుగాని."

ఆమె విసుక్కుంటూ దిగింది. ఆయన పగుల్లోకి ఒక పుల్ల దించాడు. మోచేతి పొడుగు పుల్ల, ఎక్కడా తగలకుండా లోపలికి జారిపోయింది. ఆమె వంగి పగుల్లోకి చూసింది.

"నీ బస్సు బరువెంత?"

"పదకొండు టన్నులు. మనుషులు కాక."

"అడుగున మట్టి పోతోందమ్మా. పైన మిగిలింది తారు ఒక్కటే. పదకొండు టన్నుల్ని తారు మోస్తుందా?"

ఇన్యాజియా వెళ్ళి బస్సును నూరు అడుగులు వెనక్కి తీసి, వెడల్పున్న చోట పెట్టింది. డిపోకు ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. అదే కష్టమైన భాగమని గొనారియో అంటాడు. పావుగంట గడిచింది. అందరూ దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. టై కట్టుకున్న ఒకాయనకు పన్నెండింటికి కింద ఊళ్ళో నోటరీ దగ్గర సంతకం ఉంది. ఆయన వాచీ చూసుకుని, బ్రీఫ్‌కేసు పట్టుకుని, ఎవరు చెప్పినా వినకుండా పగులు మీదుగా అవతలికి నడిచాడు. అక్కడ వెనక్కి తిరిగి రెండు చేతులూ చాచాడు.

"చూశారా? రోడ్డు రోడ్డులాగే ఉంది."

"నువ్వు ఎనభై కిలోలున్నావు" అన్నాడు గొనారియో. "ఆ పెట్టెతో ఎనభై మూడు. బస్సువి కావు."

టై ఆయన తల అడ్డంగా ఊపి, కిందికి నడుచుకుంటూ పోయాడు.

నల్ల గౌను, తలకు నల్లగుడ్డ కట్టుకున్న ముసలావిడ జొసెప్పా కళ్ళ డాక్టరు దగ్గరకు బయలుదేరింది. ఎనభై నాలుగేళ్ళుంటాయి. వచ్చి గొనారియో ముందు నిలబడి కళ్ళు చికిలించింది.

"ఎవరబ్బాయివిరా నువ్వు?"

"ఆంటోని లాయ్ కొడుకుని, పెద్దమ్మా."

"గొర్రెల లాయ్ ఇంటివాళ్ళా, కొలిమి లాయ్ ఇంటివాళ్ళా?"

"కొలిమి."

"అయితే అబద్ధం చెప్పవు. మొండితనం మాత్రం వంశంలోనే ఉంది." ఆవిడ వెళ్ళి బస్సు మెట్టు మీద కూర్చుంది. "ఇతను చెప్పినట్టు వినండి" అని మిగతావాళ్ళకు చెప్పింది.

నలభై నిమిషాలైంది. ఇన్యాజియా అటూ ఇటూ నడుస్తోంది.

"డిపోవాళ్ళకేం చెప్పను? సైకిలాయన వద్దన్నాడని చెప్పనా?"

"అలాగే చెప్పు. పేరు కూడా చెప్పు."

"పడకపోతే?"

"పడకపోతే తప్పు నాది. నువ్వు తిట్టు, ఇక్కడే నిలబడి వింటా. పడితే మాత్రం, తిట్టడానికి నువ్వు మిగులుతావు."

ఆమె బస్సు తాళంచెవి తీసి జాకెట్ జేబులో వేసుకుని, జిప్పు లాగేసింది. ఆ సంగతి నాకు ఆమే చెప్పింది. "ఆయన బతిమాలుంటే నమ్మేదాన్ని కాదు" అంది. "గట్టిగా అరిచినా నమ్మేదాన్ని కాదు. వాన పడుతుందని చెప్పినట్టు చెప్పాడు."

గొనారియోకు ఆ సేపట్లో ఒక్కసారన్నా అనుమానం రాలేదా అని నేనడిగాను. రోడ్డు గురించి రాలేదన్నాడు. ఎప్పుడు పడుతుందో తెలియక, జనం ఓపిక ముందు తెగుతుందేమోనని మాత్రం బెంగపడ్డాడట.

పదకొండూ ఇరవై అయిదుకు గోనెసంచుల్లోంచి కంకర కుమ్మరించినట్టు చప్పుడైంది. అంచున ఉన్న తెల్లగీత వంగింది. తారు మెల్లగా, పొంగిన పిండి కుంగినట్టు కుంగి, ఒక్క క్షణం అలాగే నిలబడి, గోడతో సహా లోయలోకి జారిపోయింది. పదకొండు మీటర్ల రోడ్డు, కొండ అంచు దాకా. గుంటలో నిలిచిన నల్లనీళ్ళు ఒక్క గుక్కలో దాని వెనకే పోయాయి. టై ఆయన అప్పటికి నాలుగు మలుపుల కింద ఉన్నాడు. ఆ రోడ్డు మీద చివరగా నడిచింది తనేనని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు.

కొందరు శిలువ గుర్తు వేసుకున్నారు. దుమ్ము సర్దుకున్నాక జొసెప్పా ముసలావిడ మెట్టు మీంచి లేచింది.

"కళ్ళ డాక్టరుతో ఇంక పనిలేదు" అంది. "నాకు బాగానే కనపడింది. పదండి, అన్నాలవేళయింది."

ఇన్యాజియా సిగరెట్టు నోట్లో పెట్టుకుని జేబులు వెతుక్కుంది. గొనారియో అగ్గిపుల్ల గీసి పట్టుకున్నాడు.

"తిట్టే అవకాశం పోయింది నాకు" అంది ఆమె.

"దాచుకో. ఇంటికి పోతే మా ఆవిడ వాడుకుంటుంది" అన్నాడు.

బస్సు వెనక్కి తిప్పి అందరూ బిడునెలె చేరారు. సైకిల్ని బస్సులో, మధ్య దారిలో నిలబెట్టారు. జొసెప్పా ఇంట్లో పలచటి ఎండు రొట్టెను మరిగే పులుసులో ముంచి, టమాటా, జున్ను పరిచి, పైన గుడ్డు వేసి పెట్టారు. రెండు పళ్ళేలు తిన్నాడు. తింటుండగా ఆ రోడ్డు మేస్త్రి మాసిమో వచ్చాడు. రోడ్డు రెండు వైపులా మూసేసి, బురద బూట్లతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు. మొహం పాలిపోయి ఉంది.

"బాబాయ్, నిన్న సాయంత్రం నేను చూశాను. తూము పారుతోంది."

"పారే ఉంటుంది. కాలిన మొద్దులు రాత్రి వానకు దిగాయి. నిన్న నేనున్నా అదే చూసేవాణ్ణి, అదే చెప్పేవాణ్ణి" అన్నాడు గొనారియో. "కూర్చో, తిను. ఆ కాలిన కొండ కింద ఇంకెన్ని కల్వర్టులున్నాయి?"

"ఆరు."

"తిన్నాక పోదాం."

మాసిమో కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం, మర్నాడు పూర్తిగా, ఇద్దరూ మాసిమో ముఠాతో కలిసి ఆరింటినీ తెరిచారు. రెండు అప్పటికే సగం పూడాయి. మొదట్లో ముఠావాళ్ళు ఈ సైకిలు ముసలాయన్ను ఓరగా చూశారు. రెండో కల్వర్టు దగ్గర ఆయన తూములోకి నడుము దాకా దూరి, మొద్దుకు తాడు బిగించి బయటికొచ్చాక, "బాబాయ్, ఇటు చూడు", "బాబాయ్, ఇది సరిపోతుందా" అనడం మొదలుపెట్టారు.

రోడ్డు పడిన రోజు సాయంత్రమే ఊళ్ళోంచి ఇంటికి ఫోను చేశాడు.

"తెలుసు" అంది తొనీనా. "మధ్యాహ్నం నుంచి నలుగురు చెప్పారు. ఇన్యాజియా అత్తగారిది మన పక్క ఊరేనట. పొడి మేజోళ్ళు వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"అబద్ధం."

"ఇప్పుడు వేసుకుంటా. రెండు రోజులు ఆలస్యమవుతుంది" అన్నాడు. "వచ్చెయ్యమంటావా?"

"సగంలో వచ్చేవాడివైతే మా నాన్న జోలె ఇచ్చేదాన్నా? పూర్తిచేసి రా. మా చెల్లెలు ఎక్కడికీ పోదు."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అవతలి వైపు నుంచి ఒరెస్కేలోకి దిగాడు. గడ్డం పెరిగింది, మనిషి ఎండకు నల్లబడ్డాడు, రెండు కిలోలు తగ్గాడు. పెప్పే బారు ముందున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఏమనాలో తెలియక పెప్పే ఒక గ్లాసు ఎర్ర ద్రాక్షసారా తెచ్చి చేతికిచ్చాడు. ఆయన సైకిలు దిగకుండానే, ఒక కాలు నేల మీద ఆనించి తాగి, గ్లాసు తిరిగిచ్చి ఇంటికి పోయాడు.

తర్వాత ఏటా వెళుతూనే ఉన్నాడు. మరుసటి ఏడు మాసిమో సైకిలు కొన్నాడు, రెండు రోజులు తోడు వెళ్ళాడు. ఇన్యాజియాకు సెలవు దొరికినప్పుడు తొనీనాను కారులో ఎక్కించుకుని, ఏదో ఒక కనుమ మీద మధ్యాహ్నం భోజనం వేళకు ఆయన్ను కలుసుకుంటుంది. ఆడవాళ్ళిద్దరూ ఒక చోట చేరితే ఆయన తొందరగా సైకిలెక్కేస్తాడు.

ఇప్పుడు డెబ్బై ఒకటి. మొన్న మంగళవారం నేను కనుమ దగ్గర పక్కకాలువ తవ్విస్తుంటే ఫోనొచ్చింది. ద్వీపం ఉత్తరం కొసన, రాతికొండల్లో ఏదో బారు నుంచి చేస్తున్నాడు. వెనక కప్పుల చప్పుడు, ఎవరో పేకాటలో పోట్లాడుకుంటున్న చప్పుడు.

"బస్తియానూ, ఇక్కడి కాలువలు చూడాలిరా నువ్వు" అన్నాడు. "రాతిలో చెక్కారు. ఒక్క ఆకు లేదు. ఇక్కడెవరో మంచి పనివాడున్నాడు. రేపు పొద్దున వాణ్ణి వెతికి పట్టుకుంటాను."